ఎవరూ చూడని ఒక్క స్ట్రోకు

గోల్ఫ్ మొదటిసారి టీవీలో చూసేవాళ్ళకి వచ్చే మొదటి డౌటు: అంపైర్ ఎక్కడ? క్రికెట్‌లో ఇద్దరు మైదానంలో నిలబడతారు, ఇంకొకాయన పైన స్క్రీన్ ముందు కూచుంటాడు. ఫుట్‌బాల్‌లో ఈల ఊదేవాడు ఆటగాళ్ళతో సమానంగా పరిగెడతాడు. గోల్ఫ్‌లో మాత్రం అంత పెద్ద మైదానంలో ఆటగాడు తన బంతి వెంట తానే నడుచుకుంటూ పోతుంటాడు. చెట్ల వెనక్కి, పొదల్లోకి, ఇసక గుంటల్లోకి. పెద్ద పోటీల్లో రిఫరీలు ఉంటారు గానీ, ఎక్కువగా పిలిస్తేనే వస్తారు. తప్పు జరిగితే జరిగిందని చెప్పాల్సింది ఆటగాడే, జరిమానా వేసుకోవాల్సిందీ అతనే.

దాని వెంటనే వచ్చే రెండో డౌటు: అలాగైతే ఎవడు చెప్తాడండీ? మన గల్లీ క్రికెట్‌లో బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు వీధి చివరి కిరాణా కొట్టు దాకా వినపడినా, తగల్లేదని ఒట్టేసేవాళ్ళే ఎక్కువ. నిజాయితీ మీద నడిచే ఆట అంటే వినడానికి బాగుంటుంది, నమ్మడానికే కష్టం.

ఈ డౌటుకి గోల్ఫ్ నిబంధనల పుస్తకం తెరిస్తే జవాబు దొరుకుతుంది గానీ, చదువుతుంటే నిద్రొస్తుంది. దానికన్నా ఒక మనిషి జీవితం చదవడం మేలు. ఆయన పేరు బాబీ జోన్స్. పూర్తి పేరు రాబర్ట్ టైర్ జోన్స్ జూనియర్. మన పత్రికకి ఆయన దగ్గరి చుట్టమే. ఎందుకంటే ముందు చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, తర్వాత చదివింది ఇంగ్లిషు సాహిత్యం. ఆ రెండూ చాలక లా కూడా చదివాడు. గోల్ఫ్ ఆయనకి ఉద్యోగం కాదు. ఆడినన్నాళ్ళూ అమెచ్యూర్‌గానే ఆడాడు, ప్రైజ్ మనీ తీసుకోలేదు.

1902 మార్చి 17న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, అట్లాంటాలో పుట్టాడు. తండ్రి లాయరు. పిల్లాడు మహా బలహీనుడు. కడుపులో ఏం పోసినా ఇమిడేది కాదు, ఐదేళ్ళు వచ్చేదాకా గట్టి పదార్థమేదీ సరిగ్గా తినలేకపోయాడు. ఊరి బయట గాలి మంచిదని ఈస్ట్ లేక్ అనే చోటికి వేసవికి వెళ్ళారు. ఆ ఇంటి పక్కనే గోల్ఫ్ మైదానం. అక్కడ పనిచేసే స్టీవర్ట్ మెయిడెన్ అనే స్కాట్లండ్ ఆయన ఆడుతుంటే ఈ పిల్లాడు వెనకాలే తిరిగి చూసేవాడు. ఎవరూ కూచోబెట్టి పాఠం చెప్పలేదు. చూసి చూసి ఆ స్వింగునే అచ్చు దింపేశాడు. ఆరేళ్ళకే పిల్లల పోటీలో చిన్న కప్పు ఇంటికి తెచ్చాడు. ఆ రోజు నిజంగా గెలిచింది అలెక్సా స్టర్లింగ్ అనే అమ్మాయని జోన్సే తర్వాత ఒప్పుకునేవాడు. ఆ అమ్మాయి పెద్దయ్యాక అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్ మూడుసార్లు గెలిచింది.

పదకొండేళ్ళప్పుడు, 1913లో, హ్యారీ వార్డన్ అనే దిగ్గజం ఈస్ట్ లేక్‌కి వచ్చి ఆడాడు. జోన్స్ అక్కడ ఒకటి గమనించాడు: వార్డన్ ఎదుటివాడిని పట్టించుకోవట్లేదు, ప్రతి హోల్‌కీ ఉన్న పార్ లెక్కతోనే పోటీ పడుతున్నాడు. పార్ అంటే మంచి ఆటగాడికి ఆ గుంతలో బంతి వెయ్యడానికి పట్టాల్సిన దెబ్బల సంఖ్య. తర్వాత్తర్వాత జోన్స్ దానికి ముసలి పార్ గారని ఒక మనిషి రూపమే ఇచ్చుకున్నాడు. ఎదుటి ఆటగాడు బాగా ఆడొచ్చు, చెత్తగా ఆడొచ్చు, ఈ ముసలాయన మాత్రం మారడు.

తెలుసుకోవడం వేరు, ఆచరించడం వేరు. పద్నాలుగేళ్ళకి, 1916లో, మెరియన్ మైదానంలో అమెరికా అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ ఆడి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాడు. దేశమంతా వింతగా చూసింది. ఆ తర్వాత ఏడేళ్ళు పెద్ద టైటిల్ ఒక్కటీ లేదు. ఆట లేక కాదు, కోపం వల్ల. షాట్ తప్పితే క్లబ్ గాల్లోకి లేచేది (క్లబ్ అంటే ఇక్కడ కర్ర, మన సాహిత్య క్లబ్ కాదు). 1921లో అమెరికా అమెచ్యూర్‌లో అలా విసిరిన క్లబ్ ఎగిరివెళ్ళి చూడ్డానికొచ్చిన ఒకావిడ కాలికి తగిలింది. గోల్ఫ్ అసోసియేషన్ అధ్యక్షుడి నుంచి ఉత్తరం వచ్చింది: కోపం అదుపులో పెట్టుకోకపోతే తమ పోటీల్లో ఇంక ఆడనివ్వమని దాని సారాంశం.

అదే ఏడాది అంతకు ముందు జరిగింది ఇంకా పెద్ద అవమానం. స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్, ఓల్డ్ కోర్స్. గోల్ఫ్‌కి అది కాశీ లాంటి చోటు. బ్రిటిష్ ఓపెన్ మూడో రౌండు. సముద్రపు గాలి. మొదటి తొమ్మిది హోల్స్‌కే 46 దెబ్బలయ్యాయి. పదకొండో హోల్‌లో హిల్ అనే ఇసక గుంటలో బంతి పడింది. కొడుతున్నాడు, బయటికి రావట్లేదు. మళ్ళీ కొడుతున్నాడు. చివరికి బంతి చేత్తో తీసేసి, స్కోరు కార్డు చింపేశాడు.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక డౌటొస్తుంది. ఒక్క హోల్ వదిలేస్తే ఏమైంది, మిగతావి ఆడొచ్చుగా? ఆడే పద్ధతిని బట్టి ఉంటుంది. గోల్ఫ్‌లో ముఖ్యంగా రెండు పద్ధతులు. స్ట్రోక్ ప్లేలో మొత్తం దెబ్బల లెక్క, ఎవరివి తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. అందులో ప్రతి హోల్‌లోనూ బంతి గుంతలో పడేదాకా ఆడి తీరాలి, ఒక్కటి వదిలినా అనర్హుడే. మ్యాచ్ ప్లేలో ఇద్దరి మధ్య పోరు, హోల్ చొప్పున లెక్క. అక్కడ ఒక హోల్ వదిలేసుకుంటే ఆ ఒక్కటే పోతుంది, మ్యాచ్ పోదు. జోన్స్ ఆడుతున్నది స్ట్రోక్ ప్లే. కార్డుతో పాటు టోర్నమెంటూ పోయింది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఆ రోజు ఆ ఊళ్ళో అందరి ముందూ చేసిన పని బతికినంతకాలం సిగ్గుపడుతూనే ఉన్నాడు.

చదువు మాత్రం ఎక్కడా ఆగలేదు. 1922లో జార్జియా టెక్‌లో మెకానికల్ డిగ్రీ పూర్తి చేశాడు. అక్కణ్ణించి హార్వర్డ్ వెళ్ళి 1924లో ఇంగ్లిషు సాహిత్యంలో పట్టా. హార్వర్డ్‌లో సరదా సంగతొకటి. జార్జియా టెక్ జట్టుకి అప్పటికే ఆడేశాడు కాబట్టి, కాలేజీ పోటీల రూలు ప్రకారం హార్వర్డ్ గోల్ఫ్ జట్టులో ఆడే అర్హత లేదు. 1923లో అమెరికా ఓపెన్ గెలిచిన మనిషి కాలేజీ టీమ్‌కి పనికిరాడు! అయినా వదల్లేదు, అదే జట్టుకి అసిస్టెంట్ మేనేజర్‌గా పనిచేశాడు. మన దగ్గర అటెండెన్స్ షార్టేజీ రూలు మీద నెలల తరబడి గొణుక్కునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఇక 1925కి వద్దాం. మసాచుసెట్స్‌లోని వూస్టర్ కంట్రీ క్లబ్, అమెరికా ఓపెన్ మొదటి రౌండు, పదకొండో హోల్. జోన్స్ బంతి గట్టు మీద ఏపుగా పెరిగిన గడ్డిలో ఆగింది. కొట్టడానికి సిద్ధమై క్లబ్‌ని బంతి వెనక పెడుతుండగా గడ్డి కదిలింది, గడ్డితో పాటు బంతీ ఓ వెంట్రుకవాసి కదిలింది. కొట్టి ముందుకెళ్ళాక, కలిసి ఆడుతున్న వాల్టర్ హేగన్‌తో తనకి ఒక స్ట్రోకు జరిమానా పడిందని చెప్పాడు. హేగన్ చూడలేదు. అధికారులు చూడలేదు. జనంలోనూ చూసినవాళ్ళు తేలలేదు. వద్దులే అన్నట్టే మాట్లాడారంతా. చివరికి నిర్ణయం అతనికే వదిలేశారు. అతను కార్డులో 76కి బదులు 77 వేయించుకున్నాడు.

బంతి కదిలితే జరిమానా ఎందుకు అనేది గోల్ఫ్‌లో ఎక్కువమంది అడిగే ప్రశ్న. ఈ ఆటకి పునాది ఒక్కటే: బంతి ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే, ఎలా ఉందో అలాగే ఆడాలి. 1744లో ఎడిన్‌బరో పక్కన లీత్‌లో ఆడేవాళ్ళు మొట్టమొదట 13 నియమాలు రాసుకున్నారు. అప్పట్నించి ఎన్ని మార్పులొచ్చినా ఆ పునాది కదల్లేదు. గాలికి బంతి దానంతటదే కదిలితే జరిమానా లేదు, మామూలుగా కొత్త చోటు నుంచే ఆడతారు. ఆటగాడి వల్ల కదిలితే ఒక స్ట్రోకు. అనుకోకుండా కదిలినా సరే. గాలిలో ఊపి బంతికి తగలకపోయినా ఒక దెబ్బే లెక్క, కొట్టాలని ఊపాడు కాబట్టి. ప్రాక్టీసు కోసం ఊపితే లెక్క లేదు. అంటే క్లబ్ ఊపినప్పుడు మనసులో ఏముందో కూడా రూలు అడుగుతోంది. దానికి సాక్షి ఇంకెవడుంటాడు చెప్పండి?

ఆ స్ట్రోకు ఖరీదెంతో నాలుగు రౌండ్లయ్యాక తేలింది. జోన్స్ మొత్తం 291. విల్లీ మెక్‌ఫర్లేన్ మొత్తం 291. ఆ ఒక్కటి వేసుకోకపోతే 290తో అక్కడికక్కడే ఛాంపియన్. టై అయింది కాబట్టి ఇంకో 18 హోల్స్ ఆడించారు, ఇద్దరికీ 75. మళ్ళీ 18. మెక్‌ఫర్లేన్ 72, జోన్స్ 73. ఒక్క స్ట్రోకుతో పోయింది.

ఎవరైనా ఆ పనిని పొగిడితే జోన్స్‌కి చిరాకేసేది. దొంగతనం చెయ్యనందుకు సన్మానం చేసినట్టు ఉంటుందని ఆయన అభిప్రాయం. నాకు ఇందులో నచ్చేది త్యాగం లాంటి పెద్ద మాటలకి చోటు లేకపోవడమే. స్కోరు అంటే ఆడిన దెబ్బలు ప్లస్ పడిన జరిమానాలు. 76 అనేది తప్పు లెక్క, 77 ఒప్పు లెక్క. ల్యాబ్ రికార్డులో గ్రాఫు సరళరేఖ మీదికి రావడం కోసం రీడింగులు దిద్దేవాళ్ళకి ఇది కొంచెం గుచ్చుకునే మాటే.

మరుసటేడు, 1926లో, ఒహాయోలోని సయోటోలో మళ్ళీ అదే. అమెరికా ఓపెన్ రెండో రౌండు, 15వ హోల్ గ్రీన్ మీద, గాలి జోరుగా ఉన్నప్పుడు పటర్‌ని బంతి దగ్గర నేలకానించి తీస్తుండగా బంతి కదిలింది. మళ్ళీ తనే చెప్పుకున్నాడు, ఆ రౌండు 79 అయింది. ఈసారి మాత్రం మొత్తం 293తో, ఒక్క స్ట్రోకు తేడాతోనే, జో టర్నీసా మీద గెలిచాడు. ఇప్పుడైతే ఈ రెండోదానికి జరిమానా ఉండేది కాదు. 2019లో నిబంధనల్ని 34 నుంచి 24కి కుదించినప్పటి పుస్తకం ప్రకారం, గ్రీన్ మీద బంతి పొరపాటున కదిలితే తిరిగి అదే చోట పెట్టి ఆడొచ్చు, శిక్ష లేదు. బంతి వెతుకుతూ కాలు తగిలినా అంతే. కానీ వూస్టర్ గట్టు మీది గడ్డిలో జరిగింది ఈరోజు జరిగినా ఒక స్ట్రోకు పడాల్సిందే.

అదే 1926లో ఇంగ్లండ్‌లోని లిథమ్‌లో బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు. మధ్యాహ్నం భోజనానికి బయటికెళ్ళి తిరిగొస్తుంటే, ఆటగాడి బ్యాడ్జీ హోటల్లో మర్చిపోయాడు. గేటు దగ్గర మనిషి లోపలికి వదల్లేదు. గొడవ పడలేదు, ప్రేక్షకుల లైన్లో నిలబడి టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళాడు. వెళ్ళి ఛాంపియన్‌షిప్ గెలిచాడు. క్లబ్‌లు విసిరిన కుర్రాడేనా ఇతను అనిపిస్తుంది.

1927లో తిరిగి సెంట్ ఆండ్రూస్‌కే వెళ్ళాడు. కార్డు చింపిన ఆరేళ్ళకి అదే మైదానంలో 285తో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. జనం భుజాల మీద ఎత్తుకున్నారు. కప్పు అమెరికా తీసుకెళ్ళకుండా అక్కడి క్లబ్ దగ్గరే ఉంచమన్నాడు. దాంతో ఆ ఊరు ఆయన్ని తన కొడుకే అనుకుంది.

రూలు ఎప్పుడూ ఆయన నెత్తినే పడిందనుకుంటే పొరపాటు. 1930లో ఆయన ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళూ గెలిచాడు. బ్రిటిష్ అమెచ్యూర్, బ్రిటిష్ ఓపెన్, అమెరికా ఓపెన్, అమెరికా అమెచ్యూర్. గ్రాండ్‌స్లామ్. ఆ నాలుగింటినీ ఒకే ఏడాది ఇంకెవరూ గెలవలేదు. ఆ దారిలో రూళ్ళు ఆయన్ని కాపాడిన సందర్భాలూ ఉన్నాయి.

మొదటిది సెంట్ ఆండ్రూస్‌లో, సిరిల్ టోలీ మీద. 18 హోల్స్ తర్వాత సమానం, 19వ హోల్. అక్కడ జోన్స్ బంతి టోలీ బంతికీ గుంతకీ మధ్య ఆగింది. ఇప్పుడైతే అడ్డమున్న బంతి తీయించొచ్చు. అప్పట్లో మ్యాచ్ ప్లేలో తియ్యనక్కర్లేదు, దాన్ని స్టైమీ అనేవాళ్ళు. పైనుంచి ఎగరేసో, పక్క నుంచి తిప్పో ఆడుకోవాల్సిందే. టోలీ వల్ల కాలేదు, జోన్స్ గట్టెక్కాడు. 1952లో స్టైమీని నిబంధనల్లోంచి తీసేశారు. తీసేయొద్దని వాదించినవాళ్ళలో జోన్స్ ఒకడు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన పక్షం కాదు. ఎదుటివాడి దారికి అడ్డం పడ్డాన్ని నైపుణ్యమనడానికి మనసొప్పదు.

రెండోది హొయ్‌లేక్‌లో, బ్రిటిష్ ఓపెన్. అక్కడ ఇసకలోంచి తీయడానికి గరిటెలా లోపలికి వంగిన ముఖం ఉన్న బరువైన క్లబ్ వాడి 16వ హోల్‌లో అద్భుతమైన షాట్ కొట్టాడు. మరుసటేడే అలాంటి పుటాకార క్లబ్‌లని నిషేధించారు. బంతి ఒకే ఊపులో రెండుసార్లు తగిలే ప్రమాదం ఉందని. అంటే ఆయన వాడిన రోజు అది రూలుకి లోబడినదే. రూలు మారాక వాడలేదు, అంతే.

మూడోది అన్నిటికంటే పెద్ద తగువు. మినియాపోలిస్ దగ్గర ఇంటర్‌లాకెన్‌లో అమెరికా ఓపెన్. అంతకుముందు ఒక రౌండులో, చెరువులోకి విసిరిన పెంకు నీళ్ళ మీద ఎగురుకుంటూ పోయినట్టు ఆయన బంతి నీటి మీద దూకి అవతలి ఒడ్డుకి చేరిన అదృష్టం ఒకటుంది. చివరి రౌండు 17వ హోల్‌లో మాత్రం కొట్టిన బంతి కుడివైపు చిత్తడి దగ్గర చెట్లలోకి పోయి కనపడలేదు. గోల్ఫ్‌లో బంతి పోతే శిక్ష పెద్దది: ఒక స్ట్రోకు జరిమానా, పైగా మొదట కొట్టిన చోటికే వెనక్కి వెళ్ళి ఆడాలి. వెతకడానికి ఇప్పుడైతే మూడు నిమిషాలే టైము, 2019కి ముందు ఐదు. అదే నీటి ప్రాంతంలో పడిందని తేలితే మాత్రం ఒక స్ట్రోకుతో దగ్గర్లోనే బంతి వదిలి ఆడొచ్చు. ఆ రోజు అసోసియేషన్ కార్యదర్శి ప్రెస్కాట్ బుష్ అక్కడున్నాడు. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షులైన బుష్‌ల్లో ఒకరికి తండ్రి, ఇంకొకరికి తాత. బంతి నీటి ప్రాంతంలోకే వెళ్ళిందని ఆయన తీర్పిచ్చాడు. నిజంగా అక్కడికే వెళ్ళిందా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. జోన్స్ తీర్పు ప్రకారం ఆడి, ఆ హోల్‌లో పార్ కంటే రెండు ఎక్కువ తీసుకుని, 18వ హోల్‌లో దాదాపు 40 అడుగుల దూరం నుంచి బంతి గుంతలోకి దొర్లించాడు. రెండు స్ట్రోకుల తేడాతో గెలిచాడు.

వూస్టర్‌లో అధికారులు వద్దన్నా శిక్ష వేసుకున్నవాడు ఇక్కడ లాభం ఎందుకు వదులుకోలేదు? నాకు తోచిన జవాబు ఇది. వూస్టర్‌లో ఏం జరిగిందో తను కళ్ళారా చూశాడు. ఇంటర్‌లాకెన్‌లో బంతి ఎక్కడ పడిందో తనకీ తెలీదు. తెలిసినచోట తను చెప్పాలి, తెలియనిచోట తీర్పరి చెప్పింది వినాలి.

నాలుగోది మెరియన్‌లో, 1930 సెప్టెంబరు 27న. 36 హోల్స్ ఫైనల్‌లో యూజీన్ హోమన్స్‌ని 8 అండ్ 7 తేడాతో ఓడించాడు. స్కోరు అలా రాస్తే చాలామందికి అర్థం కాదు. ఇంకా ఏడు హోల్స్ మిగిలుండగానే ఎనిమిది ముందున్నాడని. ఎదుటివాడు మిగిలినవన్నీ గెలిచినా అందుకోలేడు కాబట్టి మ్యాచ్ అక్కడే అయిపోతుంది. అది 29వ హోల్, అంటే రెండో చుట్టులో పదకొండోది. సెంట్ ఆండ్రూస్‌లో కార్డు చింపిందీ పదకొండులోనే, వూస్టర్‌లో బంతి కదిలిందీ పదకొండులోనే.

ఆ నవంబరులోనే ఆట మానేశాడు. వయసు 28. అప్పటికి పెద్ద టైటిళ్ళు 13. ఒక్కో టోర్నమెంటులో తిండి సహించక, ఒత్తిడికి బరువు తగ్గిపోయేవాడు. మూడు సెమిస్టర్లు లా చదివి బార్ పరీక్ష పాసై ప్రాక్టీసు పెట్టాడు. ఇక్కడ అమెచ్యూర్ రూలు సంగతి కూడా చెప్పాలి. ఆడుతున్న రోజుల్లో అట్లాంటా వాళ్ళు ఇల్లు కొనుక్కోమని 50,000 డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అమెచ్యూర్ హోదాకి భంగమనే ప్రశ్న వచ్చింది, డబ్బు తిరిగిచ్చేశాడు. రిటైరయ్యాక వార్నర్ బ్రదర్స్‌కి గోల్ఫ్ పాఠాల సినిమాలు చేశాడు, స్పాల్డింగ్ కంపెనీకి క్లబ్‌లు డిజైన్ చేశాడు. ఇక అమెచ్యూర్‌ని కానని తనే ప్రకటించాక.

మెకానికల్ బ్రాంచి వాళ్ళకోసం ఒక ముక్క. జోన్స్ ఆడింది హికరీ కర్ర కాడలతో. కర్ర వంగడమే కాదు, కొట్టినప్పుడు మెలి కూడా తిరుగుతుంది. ఒక్కో కాడ ఒక్కో రకం. ఆయన ఏళ్ళ తరబడి చేత్తో ఊపి చూసి, నచ్చినవి ఏరుకుని సెట్టు కూర్చుకున్నాడు. తర్వాతెప్పుడో పరికరాలతో కొలిస్తే ఒక్కటి తప్ప అన్నీ ఒకదానికొకటి సరిపోయాయని, ఆ ఒక్కటీ ఆయనకి ఎప్పుడూ ఇబ్బంది పెట్టినదేనని చెప్తారు. స్పాల్డింగ్‌కి చేసినవి మాత్రం ఉక్కు కాడలు, నంబర్ల వారీగా జతకుదిరినవి.

అలిస్టర్ మెకంజీ అనే డిజైనర్‌తో కలిసి జార్జియాలో ఒక పాత నర్సరీ తోటలో ఆగస్టా నేషనల్ మైదానం కట్టాడు. 1934లో అక్కడ మొదలైన పోటీయే ఇప్పటి మాస్టర్స్. ఈ క్లబ్ గురించి మంచి మాటలే రాసి ఊరుకుంటే అన్యాయం. అక్కడ నల్లజాతి వాళ్ళు దశాబ్దాలపాటు కేడీలుగా సంచులు మోశారు గానీ, మాస్టర్స్‌లో ఒక నల్లజాతి ఆటగాడు ఆడింది 1975లో, సభ్యత్వం దక్కింది 1990లో, మహిళలకి 2012లో. బంతి వెంట్రుకవాసి కదిలితే ఊరుకోని మనిషి, తన గేటు దగ్గర జరుగుతున్నదాన్ని మార్చడానికి పూనుకోలేదు. ఆయన్ని అభిమానించేవాళ్ళు ఈ పేజీని గబగబా తిప్పేస్తుంటారు.

రెండో ప్రపంచయుద్ధంలో వయసు మీరినా సైన్యంలో చేరి ఇంటెలిజెన్స్ ఆఫీసరుగా యూరప్ వెళ్ళాడు. తిరిగొచ్చాక 1948లో ఒళ్ళు మాట వినడం మానేసింది. రెండు ఆపరేషన్లయ్యాయి. సిరింగోమైలియా అని 1956లో తేలింది. వెన్నుపాములో నీటి తిత్తి లాంటిది ఏర్పడి నరాల్ని మెల్లగా తినేసే జబ్బు. ముందు చేతికర్ర, తర్వాత రెండు కర్రలు, తర్వాత చక్రాల కుర్చీ. ప్రపంచంలోకెల్లా అందమైన స్వింగనిపించుకున్న చేతులు చివరికి పెన్ను పట్టుకోలేకపోయాయి. 1958లో సెంట్ ఆండ్రూస్ ఆయనకి పట్టణ పౌరసత్వం ఇచ్చింది. అమెరికా వాళ్ళలో అంతకుముందు ఆ గౌరవం దక్కింది బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి, 1759లో. సభ అయ్యాక జనం పాత స్కాటిష్ వీడ్కోలు పాట పాడుతుంటే ఆయన హాల్లోంచి బయటికెళ్ళాడు.

1968 మాస్టర్స్ ఆయన చూసిన చివరిది. ఆ ఏడాది అర్జెంటీనా ఆటగాడు రొబెర్తో డి విసెంజో చివరి రౌండు 65 కొట్టాడు. అది ఆయన 45వ పుట్టినరోజు. 17వ హోల్‌లో మూడు దెబ్బల్లో ముగించాడు, లక్షలమంది టీవీలో చూశారు. కలిసి ఆడుతూ ఆయన కార్డు రాసిన టామీ ఆరన్ పొరపాటున నాలుగు వేశాడు. డి విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టేశాడు.

స్కోరు కార్డు మన చేత్తో మనం రాసుకోం, పక్కవాడు రాస్తాడు, మనం సరిచూసి సంతకం పెడతాం. కూడిక తప్పయితే మన బాధ్యత కాదు, నిర్వాహకులు దిద్దుకుంటారు. కానీ ఏ హోల్‌కి ఎన్ని అన్నది మన బాధ్యతే. ఉన్నదానికన్నా తక్కువ వేసుకుని సంతకం పెడితే అనర్హత, ఎక్కువ వేసుకుంటే ఆ ఎక్కువే ఖాయం. డి విసెంజో 65 కాస్తా 66 అయింది. మొత్తం 278. బాబ్ గోల్బీది 277. ప్లేఆఫ్ జరగాల్సింది జరగలేదు.

అధికారులు దారి కోసం వెతికారు. దొరక్క, మైదానం పక్కనే చిన్న ఇంట్లో మంచాన పడి ఉన్న జోన్స్ దగ్గరికి వెళ్ళారు. ఆ పోటీ ఆయనది, ఆ క్లబ్ ఆయనది. ఒక్క స్ట్రోకు ఎంత బరువుంటుందో అక్కడున్నవాళ్ళలో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. నియమం ప్రకారం చెయ్యగలిగింది ఏమీ లేదన్నదే ఆయన మాట కూడా. కార్డు మీద 66 అలాగే ఉండిపోయింది.

1971 డిసెంబరు 18న అట్లాంటాలో పోయాడు. కబురు అందగానే ఓల్డ్ కోర్స్‌లో ఆట ఆపేశారు, క్లబ్‌హౌస్ మీద జెండా సగానికి దించారు. మరుసటేడు అక్కడి పదో హోల్‌కి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు ఓల్డ్ కోర్స్‌లో బాబీ జోన్స్ హోల్ ముగించి వెళ్ళేవాళ్ళకి వెంటనే ఎదురయ్యేది పదకొండోది. హిల్ బంకర్ ఇంకా అక్కడే ఉంది.